అడవిలో మీథేన్ బావులు: కింద కార్మికుల ప్రాణాలు, పైన వాతావరణం.. అసలు అనుమతి ఎవరిస్తారు?

బొగ్గు గని ఉన్నది భూమి లోపల. బావులు వేస్తున్నది మాత్రం పైన, ప్రభుత్వ అడవిలో. ఆ బావుల్లో నీళ్లు రావు, చమురు రాదు. మీథేన్ గ్యాస్ వస్తుంది. అందులో ఎక్కువ భాగం ఏళ్ల తరబడి నేరుగా గాల్లో కలిసిపోయింది.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, గన్నిసన్ నేషనల్ ఫారెస్ట్ కింద ఉన్న వెస్ట్ ఎల్క్ గని కథ ఇది. 2008 ప్రాంతం నుంచి దీనిపై కోర్టుల్లో కేసుల మీద కేసులు నడిచాయి. గ్యాస్ తీయకపోతే గనిలో పేలుడు ప్రమాదం. తీసి వదిలేస్తే వాతావరణానికి దెబ్బ. తీయడానికి రోడ్లు వేస్తే అడవికి దెబ్బ. మరి ఇలాంటి బావులకు అనుమతి ఎలా ఇస్తారు? ఎవరు ఇస్తారు? కోర్టులు ఏమన్నాయి? సింగరేణి ఉన్న మన దగ్గర రూల్స్ ఏంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒక్క చూపులో

• మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. అందుకే గని నుంచి తీసేయడం తప్పనిసరి.
• బయటికి తీశాక మూడు దారులున్నాయి: గాల్లోకి వదలడం, మండించడం, వాడుకోవడం.
• అమెరికాలో ఒక్క బావి వెనుక అరడజను ఆఫీసుల సంతకాలు ఉంటాయి. గ్యాస్‌ను ఏం చేయాలన్న ప్రశ్న మాత్రం వాటి మధ్య చేతులు మారుతూ వచ్చింది.
• 2014, 2019, 2020లో కోర్టులు అధికారుల తీరును తప్పుపట్టాయి.

అసలు గనిలో గ్యాస్ ఎక్కడి నుంచి వస్తుంది?

లక్షల ఏళ్ల పాటు చెట్లు, మొక్కలు భూమి లోపల ఒత్తిడికి, వేడికి బొగ్గుగా మారే క్రమంలోనే మీథేన్ కూడా పుడుతుంది. అది బొగ్గు పొరల్లో, చుట్టూ ఉన్న రాతి పొరల్లో ఇరుక్కుని ఉంటుంది. బొగ్గును తవ్వగానే ఒత్తిడి తగ్గి బయటికి వస్తుంది. సాధారణంగా పొర ఎంత లోతుగా ఉంటే గ్యాస్ అంత ఎక్కువ.

వెస్ట్ ఎల్క్‌లో లాంగ్‌వాల్ పద్ధతిలో తవ్వుతారు. పొడవైన గోడలా ఉండే బొగ్గు ముఖాన్ని షియరర్ అనే యంత్రం అటూ ఇటూ తిరుగుతూ చెక్కుకుంటూ పోతుంది. పైకప్పు పడకుండా హైడ్రాలిక్ సపోర్టులు మోస్తుంటాయి. యంత్రం ముందుకు జరిగితే సపోర్టులూ ముందుకు జరుగుతాయి. వెనుక మిగిలిన ఖాళీలో పైకప్పు కూలిపోతుంది. అలా కూలనివ్వడం ప్లాన్‌లో భాగమే.

ఆ కూలిన ప్రాంతాన్ని అక్కడ గాబ్ అంటారు. సింగరేణి కార్మికులైతే గోఫ్ అంటారు. పైన ఉన్న రాళ్లు పగిలి, వాటిలోని గ్యాస్ అంతా వచ్చి చేరేది ఇక్కడే.

మామూలుగా పెద్ద ఫ్యాన్లతో గనిలోకి గాలి పంపి మీథేన్‌ను పలుచన చేస్తారు. గ్యాస్ మరీ ఎక్కువైతే ఫ్యాన్లు చాలవు. అప్పుడే పై నుంచి బావులు వేస్తారు. గోఫ్ పైభాగం వరకు బోరు దించి, కేసింగ్ పైపు వేసి, పైన ఎగ్జాస్టర్ పంపు పెట్టి గ్యాస్‌ను లాగేస్తారు. మీథేన్ డ్రైనేజ్ వెల్స్ అంటే ఇవే. ఒక ప్యానెల్‌లో బొగ్గు అయిపోయాక, ఆ బావి పనీ అయిపోతుంది. దాన్ని మూసేసి తర్వాతి ప్యానెల్ మీద కొత్త బావులు వేస్తారు. అంటే గని కింద ముందుకు కదులుతుంటే, పైన అడవిలో బావులూ రోడ్లూ దాని వెంటే కదులుతుంటాయి.

గ్యాస్ తీయకపోతే ఏమవుతుంది?

దీనికి సమాధానం 2010 ఏప్రిల్‌లో దొరికింది. వెస్ట్ వర్జీనియాలోని అప్పర్ బిగ్ బ్రాంచ్ గనిలో మీథేన్ అంటుకుంది, దానికి బొగ్గు దుమ్ము తోడైంది. 29 మంది కార్మికులు చనిపోయారు. మన దేశంలోనూ 1965లో ధన్‌బాద్ దగ్గర ధోరి గని పేలుడులో 268 మంది ప్రాణాలు పోయాయి.

అందుకే అమెరికా రూల్స్ ఈ విషయంలో గట్టిగా ఉంటాయి. పనిచేసే చోట మీథేన్ 1 శాతానికి చేరితే కరెంటు యంత్రాలు ఆపేయాలి. 1.5 శాతానికి చేరితే కార్మికులను అక్కడి నుంచి బయటికి పంపేయాలి. దీన్ని చూసే ఆఫీసు మైన్ సేఫ్టీ అండ్ హెల్త్ అడ్మినిస్ట్రేషన్. గని గాలి ప్లాన్‌కు ఆమోదం దాని చేతిలోనే ఉంటుంది.

కాబట్టి ఒక విషయం క్లియర్. లాంగ్‌వాల్ గని నడవాలంటే గ్యాస్ బయటికి రావాల్సిందే. కోర్టులకెళ్లిన పర్యావరణ సంఘాలు గట్టిగా ప్రశ్నించింది కూడా బయటికి వచ్చిన గ్యాస్‌ను ఊరికే ఎందుకు వదిలేస్తున్నారనే.

వదిలేస్తే నష్టం ఎంత?

కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే మీథేన్ వందేళ్ల లెక్కలో దాదాపు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కలో 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది.

ఇక్కడ చిన్న లెక్క చూడండి. ఒక టన్ను మీథేన్‌ను అలాగే వదిలితే వందేళ్ల లెక్కన సుమారు 28 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. అదే టన్నును మండిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్ 2.75 టన్నులే. అంటే అగ్గిపెట్టి కాల్చేసినా సరే, నష్టం పదో వంతుకు పడిపోతుంది. దానితో కరెంటు తీస్తే ఇంకా లాభం.

మరి అడవికి ఏమవుతుంది?

గన్నిసన్ అడవిలో గొడవంతా సన్‌సెట్ రోడ్‌లెస్ ఏరియా చుట్టూ తిరిగింది. పేరులోనే ఉంది, అది రోడ్లు లేని ప్రాంతం. పక్కనే వెస్ట్ ఎల్క్ వైల్డర్‌నెస్. ఆస్పెన్, స్ప్రూస్ చెట్ల అడవి. ఎల్క్ జింకలు, నల్ల ఎలుగుబంట్లు తిరిగే చోటు.

బావి అంటే నేలలో చిన్న రంధ్రమే కదా అనిపిస్తుంది. కానీ రిగ్గు రావాలంటే రోడ్డు కావాలి. రిగ్గు నిలబడాలంటే చదును చేసిన జాగా కావాలి. కొండ మీద చదును చేయాలంటే చెట్లు కొట్టాలి, మట్టి తవ్వాలి. వెస్ట్ ఎల్క్ విస్తరణ ప్రతిపాదనలో ఉన్నది సుమారు 1,700 ఎకరాల లీజు, దాని కింద దాదాపు 1.7 కోట్ల టన్నుల బొగ్గు. పైన ఆరు మైళ్లకు పైగా రోడ్లు, డజన్ల కొద్దీ వెల్ ప్యాడ్లు వస్తాయని అంచనా వేశారు.

పని అయ్యాక రోడ్లు మూసి గడ్డి, మొక్కలు నాటాలన్నది షరతు. ఆ నేలంతా మళ్లీ అడవిలా మారాలంటే మాత్రం దశాబ్దాలు పడుతుంది.

ఒక్క బావికి ఎన్ని ఆఫీసులు?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఫైలు ఎలా తిరుగుతుందో చూడండి.

1. నేల కింద బొగ్గు కేంద్ర ప్రభుత్వానిది. లీజు ఇచ్చేది బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్.
2. నేల పైన అడవి ఫారెస్ట్ సర్వీస్ చేతిలో ఉంటుంది. లీజుకు దాని సమ్మతి కావాలి. రోడ్లు, ప్యాడ్ల షరతులు అదే పెడుతుంది.
3. గని ప్లాన్‌ను రాష్ట్ర గనుల విభాగం, కేంద్రంలోని సర్ఫేస్ మైనింగ్ ఆఫీసు చూస్తాయి. ఫైనల్ ఆమోదం ఇంటీరియర్ శాఖది.
4. గని లోపల గాలి, గ్యాస్ భద్రత మైన్ సేఫ్టీ వాళ్లది.
5. బయటికి వచ్చే కాలుష్యం రాష్ట్ర వాయు కాలుష్య విభాగం పరిధి.
6. వీటన్నిటి మీదా 1970 నుంచి అమల్లో ఉన్న నేషనల్ ఎన్విరాన్‌మెంటల్ పాలసీ యాక్ట్ ఉంది. నిర్ణయానికి ముందే ప్రభావాలు, ప్రత్యామ్నాయాలు పరిశీలించి జనం ముందు పెట్టాలని దాని రూల్.

ఇన్ని టేబుళ్లు ఉన్నా, గ్యాస్‌ను పట్టుకో లేదా కాల్చేయ్ అని నేరుగా చెప్పే రూల్ మాత్రం లేదు. బొగ్గు గనులను కాలుష్య కారకాల జాబితాలో చేర్చాలని 2010లో పర్యావరణ సంఘాలు అమెరికా పర్యావరణ సంస్థను కోరాయి. 2013లో ఆ సంస్థ కుదరదంది. 2014లో అప్పీల్ కోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది.

గ్యాస్ ఎవరిది? ఇదో విచిత్రమైన ట్విస్ట్

బొగ్గు లీజు ఉన్న కంపెనీకి ఆ బొగ్గులోని గ్యాస్ మీద హక్కు ఉందా? 1999లో అమెరికా సుప్రీంకోర్టు ఒక కేసులో తీర్పు ఇచ్చింది. 1909, 1910 నాటి భూ చట్టాల్లో బొగ్గు అనే మాటకు అర్థం ఘన రూపంలో ఉన్న బొగ్గే, అందులోని మీథేన్ గ్యాస్ కాదు అని.

దీని ప్రభావం విచిత్రంగా కనిపించింది. భద్రత కోసం గ్యాస్‌ను గాల్లోకి వదలడానికి అభ్యంతరం లేదు. అదే గ్యాస్‌ను పట్టుకుని అమ్మాలంటే వేరే హక్కు కావాలి. పారబోస్తే ఓకే, వాడుకుంటే పర్మిషన్ కావాలన్నమాట. చివరికి 2009లో వెస్ట్ ఎల్క్ బొగ్గు లీజులో మార్పు చేసి, గ్యాస్‌ను పట్టుకోవడానికి కంపెనీకి వీలు కల్పించారు. అయితే అది అనుమతి మాత్రమే, తప్పనిసరి కాదు.

కోర్టుల్లో ఏం జరిగింది?

2012: కొలరాడోకు ప్రత్యేకంగా రోడ్‌లెస్ రూల్ వచ్చింది. సుమారు 42 లక్షల ఎకరాల అడవిలో కొత్త రోడ్లపై ఆంక్షలు పెట్టారు. కానీ నార్త్ ఫోర్క్ లోయలో దాదాపు 20 వేల ఎకరాలకు బొగ్గు కోసం మినహాయింపు ఇచ్చారు. మీథేన్ బావుల కోసం తాత్కాలిక రోడ్లు వేసుకోవచ్చన్నారు.

2014: ఫెడరల్ జిల్లా జడ్జి బ్రూక్ జాక్సన్ ఆ మినహాయింపును, లీజు విస్తరణను కొట్టేశారు. కారణం సింపుల్. బొగ్గుతో వచ్చే ఉద్యోగాలు, రాయల్టీలను అధికారులు డాలర్లలో లెక్కగట్టారు. మీథేన్, కార్బన్ వల్ల జరిగే నష్టానికి మాత్రం లెక్క సాధ్యం కాదన్నారు. కానీ ఆ లెక్క వేసే పద్ధతి ప్రభుత్వం దగ్గరే ఉంది. డ్రాఫ్ట్ రిపోర్టులో ఆ లెక్క వేశారు కూడా, ఫైనల్‌లో తీసేశారు. లాభాన్ని అంకెల్లో చూపి నష్టాన్ని వదిలేయడం కుదరదని కోర్టు తేల్చింది. వాతావరణ నష్టం లెక్కలపై తర్వాత వచ్చిన ఎన్నో కేసుల్లో ఈ తీర్పు ప్రస్తావనకు వచ్చింది.

2016-17: కొత్త రిపోర్టులతో మినహాయింపు తిరిగి వచ్చింది. లీజు విస్తరణకూ మళ్లీ ఓకే చెప్పారు.

2019: గని ప్లాన్‌పై మరో కేసు. గ్యాస్‌ను మండించే ప్రత్యామ్నాయాన్ని సరిగా పరిశీలించలేదంటూ కొలరాడో ఫెడరల్ జిల్లా కోర్టు అధికారులను తప్పుపట్టింది.

2020 మార్చి: పదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు మినహాయింపు విషయంలో మళ్లీ ఫారెస్ట్ సర్వీస్‌కు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. పైలట్ నాబ్ అనే సుమారు 5 వేల ఎకరాల ప్రాంతాన్ని మినహాయింపు నుంచి తప్పించే ప్రత్యామ్నాయాన్ని వివరంగా చూడలేదన్నది కారణం. అయితే గ్యాస్ మండించే ప్రత్యామ్నాయాన్ని ఆ దశలో చూడకపోవడం తప్పు కాదని కూడా అదే కోర్టు చెప్పింది.

2020 జూన్: కంపెనీ సన్‌సెట్ ప్రాంతంలోకి సుమారు ఒక మైలు రోడ్డు వేసేసింది. తమకు లీజు హక్కు ఉందన్నది కంపెనీ వాదన. మినహాయింపే లేనప్పుడు రోడ్డు ఎలా వేస్తారన్నది పర్యావరణ సంఘాల ప్రశ్న. మళ్లీ కోర్టు మెట్లెక్కారు.

ఈ వరుసలో ఒకటి గమనించండి. లీజు దశలో అడిగితే, గ్యాస్ సంగతి గని ప్లాన్ దశలో చూద్దాం అన్నారు. గని ప్లాన్ దశలోనూ సరిగా చూడలేదని 2019 కోర్టే చెప్పింది. ఈలోపు గని మాత్రం నడుస్తూనే ఉంది.

పట్టుకుని వాడటం సాధ్యమేనా?

సాధ్యమే అని చెప్పడానికి సాక్ష్యం పక్కనే ఉంది. అదే లోయలో, సోమర్‌సెట్ ఊరి దగ్గర ఎల్క్ క్రీక్ అనే మరో గని ఉండేది. 2012లో అక్కడి మీథేన్‌తో 3 మెగావాట్ల కరెంటు ప్లాంట్ మొదలైంది. పెట్టుబడి పెట్టింది ఎవరో తెలుసా? ఆస్పెన్ స్కీయింగ్ కంపెనీ. మంచు మీద నడిచే వ్యాపారానికి వాతావరణం వేడెక్కితే నష్టం కదా. గని మూతపడ్డాక కూడా గ్యాస్ రావడం ఆగలేదు, కరెంటు తయారీ కొనసాగింది. అలబామాలో అయితే దశాబ్దాలుగా గని గ్యాస్‌ను పైప్‌లైన్‌లోకి పంపి అమ్ముతున్నారు. ఆస్ట్రేలియా గనుల్లో మండించడం మామూలే. వెస్ట్ ఎల్క్‌లో కూడా కొంత గ్యాస్‌ను చలికాలంలో గనిలోకి వెళ్లే గాలిని వేడి చేయడానికి వాడుకున్నారు.

మరి అన్ని బావులకూ ఎందుకు కుదరదు అంటారు? కంపెనీల వైపు నుంచి వచ్చే వాదనలూ కొట్టిపారేసేవి కావు.

• బావి ఆయుష్షు తక్కువ. ప్యానెల్ మారగానే యంత్రాలన్నీ కొండ మీద మరో చోటికి మార్చాలి.
• గోఫ్ గ్యాస్‌లో గాలి కలిసి ఉంటుంది. నాణ్యత రోజుకోలా మారుతుంది.
• దగ్గర్లో పెద్ద పైప్‌లైన్, కరెంటు లైన్ లేకపోతే ఖర్చు పెరుగుతుంది. అడవిలో కొత్త లైన్లు వేస్తే మళ్లీ చెట్లకే నష్టం.
• మంట పెడితే అది బావి లోపలికి పాకకుండా రక్షణ ఏర్పాట్లు కావాలి, దానికి భద్రతా అధికారుల ఆమోదం కావాలి. వేసవిలో కార్చిచ్చు భయం కూడా ఉంటుంది.

ఇంకో సమస్య ఫ్యాన్ల ద్వారా బయటికి వచ్చే గాలి. అందులో మీథేన్ 1 శాతం లోపే, కాబట్టి మామూలుగా మండదు. ఆక్సిడైజర్ అనే ప్రత్యేక యంత్రం కావాలి. ప్రపంచవ్యాప్తంగా భూగర్భ గనుల మీథేన్‌లో పెద్ద వాటా ఈ గాలిదే. అంటే బావుల గ్యాస్ మొత్తం పట్టుకున్నా సమస్య పూర్తిగా తీరదు. కానీ బావుల్లో వచ్చేది చిక్కటి గ్యాస్. ముందు పట్టుకోవడం సులువైంది అదే.

ఉద్యోగాల మాటేంటి?

నార్త్ ఫోర్క్ లోయలో ఒకప్పుడు మూడు పెద్ద గనులు నడిచేవి. ఎల్క్ క్రీక్ మంటలు, రూఫ్ సమస్యల తర్వాత ఆగిపోయింది. బౌవీ గని 2016లో ఆగింది. మిగిలింది వెస్ట్ ఎల్క్ ఒక్కటే. అక్కడి కుటుంబాలకు ఇది జీతం, ఇన్సూరెన్స్, పిల్లల చదువు. అదే లోయలో పయోనియా, హాచ్‌కిస్ చుట్టూ పండ్ల తోటలు, ద్రాక్ష తోటలు, సేంద్రియ వ్యవసాయం ఉన్నాయి. వాళ్ల బతుకు వాన, మంచు, నీళ్ల మీద ఆధారపడింది. ఇద్దరూ ఒకే ఊరి జనం. గ్యాస్‌ను పట్టుకోవడం వల్ల గని ఆగాల్సిన పని లేదు, ఖర్చు మాత్రం పెరుగుతుంది. ఆ ఖర్చు ఎవరు భరించాలన్నదే ప్రశ్న.

యూరప్ ఏం చేసింది?

అమెరికాలో ఫైలు టేబుళ్లు మారుతుంటే యూరోపియన్ యూనియన్ 2024లో నేరుగా చట్టమే తెచ్చింది. గనుల డ్రైనేజ్ కేంద్రాల నుంచి మీథేన్‌ను గాల్లోకి వదలడం 2025 నుంచి నిషేధం. మండిస్తే 99 శాతం కాలిపోవాలి. 2027 నుంచి వెంటిలేషన్ షాఫ్టులకూ పరిమితి ఉంది: కోకింగ్ కోల్ కాని గనుల్లో వెయ్యి టన్నుల బొగ్గుకు 5 టన్నుల మీథేన్ మించి వదలకూడదు. అనుమతి ఫైలులో ఎవరో గుర్తుపెట్టుకుని అడగాల్సిన పని లేకుండా, రూల్ ముందే చెప్పేసింది.

మన దగ్గర సంగతేంటి?

సింగరేణి బొగ్గుబాయిలున్న కొత్తగూడెం, ఇల్లందు, మందమర్రి, భూపాలపల్లి.. ఏ ప్రాంతం చూసినా పక్కనే అడవి. రామగుండం ప్రాంతంలోని అడ్రియాలలో లాంగ్‌వాల్ గని కూడా ఉంది. కాబట్టి ఈ ప్రశ్నలు మనకు కొత్తవి కావు.

మన రూల్స్ ప్రకారం గనులను గ్యాస్‌ను బట్టి మూడు డిగ్రీలుగా విడగొడతారు. టన్ను బొగ్గుకు ఒక క్యూబిక్ మీటర్ లోపు గ్యాస్ వస్తే మొదటి డిగ్రీ, 1 నుంచి 10 మధ్య అయితే రెండో డిగ్రీ, 10 దాటితే మూడో డిగ్రీ. సింగరేణి గనులు ఎక్కువగా మొదటి డిగ్రీలోనే ఉంటాయి. అందుకే కొలరాడో తరహా బావుల అడవి ఇక్కడ కనిపించదు. మన దేశంలో గ్యాస్ ఎక్కువున్న గనులు జార్ఖండ్‌లోని ఝరియా వైపు ఉన్నాయి. అక్కడి మునీడీహ్ గనిలో 2008లో ప్రయోగాత్మకంగా గని మీథేన్‌తో కరెంటు తీశారు కూడా.

అటవీ భూమి విషయంలో 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం వర్తిస్తుంది. గని భూమి లోపలే ఉన్నా, పైన అడవి ఉంటే కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. బోర్లు, రోడ్లు, షాఫ్టులకు ఎంత జాగా పోతుందో చెప్పాలి. 2006 చట్టం కింద ఆదివాసీల అటవీ హక్కుల సంగతి కూడా చూడాలి. మీథేన్‌ను తగ్గిస్తామంటూ 2021లో మొదలైన గ్లోబల్ మీథేన్ ప్లెడ్జ్‌లో మాత్రం భారత్ చేరలేదు.

బొగ్గు పైపొరల్లో తగ్గేకొద్దీ గనులు లోతుకు వెళ్తాయి. లోతుకు వెళ్తే గ్యాస్ పెరుగుతుంది. అప్పుడు ఇలాంటి ఫైలు మన దగ్గరా రావచ్చు.

ఇలాంటి ఫైలు వస్తే ఏం చూడాలి?

• టన్ను బొగ్గుకు ఎంత గ్యాస్ వస్తుంది? కొలిచిన లెక్కా, అంచనానా?
• బయటికి వచ్చిన గ్యాస్‌ను ఏం చేస్తారో అనుమతి పత్రంలో రాశారా, లేక తర్వాత చూద్దాం అన్నారా?
• ఆ గ్యాస్ మీద హక్కు ఎవరిది? వాడుకోవడానికి అడ్డంకి ఉందా?
• రోడ్లు, ప్యాడ్లకు ఎన్ని ఎకరాలు పోతున్నాయి? పని అయ్యాక మూసేసే ఖర్చు ముందే డిపాజిట్ చేశారా?
• లాభాలను రూపాయల్లో చూపిస్తే, నష్టాలను కూడా రూపాయల్లో చూపించారా?

వెస్ట్ ఎల్క్ నడిపిన ఆర్చ్ కంపెనీ 2025 జనవరిలో కాన్సోల్ ఎనర్జీతో కలిసి కోర్ నేచురల్ రిసోర్సెస్‌గా మారింది. గని పేరు మాత్రం అదే. ఆ గని కేసుల్లో కోర్టులు గని మూసేయమని అడగలేదు. నిర్ణయానికి ముందు పూర్తి లెక్క చూడమన్నాయి. గ్యాస్ బయటికి రావడం కార్మికుల ప్రాణం కోసం, అందులో రాజీ లేదు. బయటికి వచ్చాక అది ఎటు పోవాలన్నది మాత్రం అనుమతి పత్రంలోనే రాసి ఉండాలి.